మునిగిన ఆలుగడ్డే కాల్చాలి

శివరాత్రి దగ్గర పడిందంటే మంచిర్యాల కూరగాయల మార్కెట్లో కందగడ్డల కుప్పలు లేస్తాయి. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు వాటిని ఉడకబెట్టుకుంటారు. పొయ్యి ఉన్న ఇంట్లో పిల్లలు ఒకటో రెండో తీసి నివురుకింద పూడుస్తారు. (కోస్తాకు పోయి కందగడ్డ అడిగితే చేతులు దురదపెట్టే కంద ఇస్తారు, చిలగడదుంప అని అడగాలి.) దుంపను నిప్పుల్లో కాల్చుకు తినడం ఇలా తెలిసిన ఊళ్లో, ఓవెన్ కొన్న ఇల్లాలికి ఆలుగడ్డ దగ్గర మాత్రం చుక్కెదురవుతుంది. గంటసేపు కాల్చి కోస్తే లోపల పొడిపొడిగా విచ్చుకోదు, మైనంలా సాగుతుంది. తప్పు ఓవెన్‌ది కాదు, సంచిలోని దుంపది.

పిండి ఎక్కువున్న గడ్డ వేడికి పొంగి, మెత్తగా విడిపోతుంది. నీరెక్కువున్నది ముక్క చెదరకుండా నిలుస్తుంది; కూరకు అదే కావాలి. పలుచని తోలుతో, గోరు తగిలితే పొట్టు లేచే కొత్త గడ్డ సాధారణంగా ఈ రెండో రకమే. కాల్చడానికి తోలు గట్టిపడ్డ పాత గడ్డ మేలు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తెచ్చిన రకాలన్నిటికీ ముందు ‘కుఫ్రీ’ అని ఉంటుంది. సిమ్లా పక్కనే ఉన్న ఊరి పేరది. వాటిలో కుఫ్రీ చిప్సోనాను చిప్స్ కోసమే తయారుచేశారు కాబట్టి పిండి దండిగా ఉంటుంది. కుఫ్రీ పుఖ్రాజ్‌లో నీటిపాలు ఎక్కువ. కానీ బండి మీద గడ్డలమ్మే మనిషిని రకం పేరడిగితే ‘ఆగ్రా ఆలు’ అన్న జవాబే వస్తుంది.

పేరు తెలియకపోయినా పిండి గడ్డను గుర్తుపట్టడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. 11 గ్లాసుల నీళ్లలో 1 గ్లాసు ఉప్పు కరిగించి గడ్డ వేయాలి. పిండి ఎక్కువున్నది బరువుకు మునుగుతుంది, నీరెక్కువున్నది తేలుతుంది. మునిగినవి ఓవెన్‌కు, తేలినవి కూరకు. ఏదీ వృథా కాదు.

కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డతో ఇంకో చిక్కుంది. బాగా చల్లని చోట దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటిది కాలిస్తే ముందే నల్లబడి, తియ్యగా తగులుతుంది. రెండు మూడు వారాలు గాలి తగిలే చీకటి మూలలో ఉంచితే చాలావరకు దారిలో పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడమంటే ఆ చిక్కును ఇంటికి తెచ్చుకోవడమే. వెలుతురు తగిలి పచ్చబడ్డ గడ్డలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, కాల్చినా పోదు. బాగా పచ్చబడి, చేదుగా ఉంటే పారేయాల్సిందే.

ఇక కాల్చడం. పావుకిలోకు కాస్త తక్కువ తూగే గడ్డను మట్టి లేకుండా కడిగి, తడి పూర్తిగా తుడవాలి. ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చకపోతే ఆవిరి బయటికి దారిలేక పేలే ప్రమాదముంది. కాస్త నూనె, ఉప్పు రాసి, 200 డిగ్రీల వేడిలో నేరుగా జాలీ మీద పెడితే దాదాపు గంట. కత్తి అడ్డం లేకుండా దిగాలి. దిగిందా, వెంటనే పైన ప్లస్ గుర్తులా కోసి నాలుగు వైపులా నొక్కాలి, ఆవిరి భుస్సుమంటుంది. ఆ ఆవిరి లోపలే ఉంటే మళ్లీ తడి ముద్దే. వెన్న, చీజ్ అంటారు గానీ, ఎల్లిపాయ కారం, చెంచాడు నెయ్యి పడ్డ ఆలుగడ్డ ముందు అవి దిగదుడుపే.

ఓవెన్ లేనివాళ్లకు కుంపటి ఉండనే ఉంది. అయితే మంచిర్యాల మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గు గనుల దగ్గరి ఊరు కనుక ఒక మాట చెప్పాలి. నేల బొగ్గు మీద నేరుగా తిండి కాల్చొద్దు. దాని గంధకం పొగ తోలులోకి దిగుతుంది. కట్టె బొగ్గులే వాడాలి, అవీ మంట చల్లారి బూడిద కప్పుకున్నాకే.

అల్యూమినియం రేకు చుట్టి కాల్చడం చాలా వీడియోల్లో కనిపిస్తుంది. రేకులో గడ్డ కాలదు, ఉడుకుతుంది. అంతకంటే పెద్ద ముప్పు తర్వాత వస్తుంది. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో, రేకు చుట్టి కాల్చి బయటే వదిలేసిన గడ్డలతో ఒక హోటల్ చేసిన వంటకం తిని 30 మంది బొట్యులిజం అనే విషబాధ బారిన పడ్డారు. గాలి ఆడని రేకులో ఆ జబ్బు తెచ్చే క్రిమి విషం తయారుచేస్తుంది. అందుకే కాల్చగా మిగిలిన గడ్డకు రేకుంటే ముందు విప్పండి, రాత్రంతా గట్టు మీద వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.