‘ఇతరులు’ గడిలో పెద్దమ్మ

ఉదయం ఎనిమిది కాకముందే పెద్దమ్మ తయారై కిటికీ దగ్గర నిలబడుతుంది. నేతచీర మీద మోకాళ్ల దాకా కోటు, కాళ్లకి మనవడి స్నీకర్స్, భుజానికి గుడ్డసంచి. సంచిలో మాత్రల డబ్బా, కళ్లజోడు, చిన్న సీసాలో ఆవకాయ. ‘ఏరా, వ్యాన్ వచ్చిందేమో చూడు’ అని ఐదు నిమిషాలకోసారి కేక. న్యూజెర్సీలో అన్నయ్య వాళ్లింట్లో ఉన్న పదిరోజులూ నాకు అదే అలారం.

తెల్ల వ్యాన్ వాకిట్లో ఆగగానే వెనక తలుపు తెరుచుకుని ఇనుప పలక ఒకటి నేల దాకా దిగుతుంది. చక్రాల కుర్చీల వాళ్లని దాని మీదే పైకెత్తుతారు. పెద్దమ్మకి దాంతో పనిలేదు. పక్క తలుపులోంచి, డ్రైవర్ చెయ్యి పట్టుకుని, మెట్టు మీద మెట్టు చూసుకుంటూ ఎక్కుతుంది. లోపల ఇద్దరు గుజరాతీ బామ్మలు ‘జై శ్రీకృష్ణ’ అంటారు. ఈవిడ ‘నమస్తే, నమస్తే’ అని తన సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు ఆవిడదే. ఒకరోజు ఇంకెవరో కూర్చున్నారట, ఆ కథ రాత్రి భోజనాల దాకా నడిచింది.

ఆవిడ వెళ్లేది అడల్ట్ డే సెంటర్‌కి. ఇంట్లో అందరూ ‘డే కేర్’ అంటారు. ఆవిడ మాత్రం ఒప్పుకోదు. ‘డే కేర్ పసిపిల్లలది. నాది సెంటర్.’

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. స్కూలు హాలంత గది. గుమ్మంలో హాజరు కాగితం. పేరు, వచ్చిన టైము, సంతకం. వరసగా ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ సంతకాల మధ్య పెద్దమ్మది గుండ్రటి తెలుగు సంతకం. తర్వాత నర్సు బీపీ చూసింది. టీ, బిస్కెట్లు అయ్యాక కుర్చీల్లో కూర్చునే చేతులూ కాళ్లూ ఆడించే కసరత్తు. ఆ తర్వాత బింగో. మన తంబోలా లాంటిదే, ఉత్సాహం మాత్రం పెళ్లివారిది. మధ్యాహ్నం అన్నం, దాల్, కూర. సంచిలోంచి ఆవకాయ సీసా బయటికొచ్చింది, నలుగురు చేతులు చాచారు. బీపీ చూసిన నర్సు అటు తిరిగి చూడనట్టు నటించింది. భోజనాలయ్యాక సగంమంది వాలుకుర్చీల్లో కునుకు. మూడింటికి మళ్లీ వ్యాన్.

ఆ కునుకు వేళలోనే మేనేజర్‌తో మాటల్లో పడ్డాను. బల్ల మీద ఫైళ్ల గుట్ట చూపించి నవ్వింది. వచ్చినవాళ్లని చూసుకోవడం కంటే చూసుకున్నామని రాయడానికే ఎక్కువసేపు పడుతుందని ఆవిడ ఫిర్యాదు. రాష్ట్రానికొకటి, మెడికెయిడ్‌కి ఒకటి, ఇన్సూరెన్స్‌కి ఒకటి. ఇవికాక ఎప్పుడో రెండేళ్లకొకసారి కేంద్ర ప్రభుత్వం నుంచి ఇంకో ప్రశ్నపత్రం. ‘అది తప్పనిసరి కాదు, అయినా పూర్తిచేస్తాను. మేమున్నామని వాళ్లకి తెలిసేది దాంతోనే’ అంది.

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. అమెరికా లాంటి దేశంలో, సెంటుకి సెంటు లెక్కరాసే చోట, వేలకొద్దీ సెంటర్లు ఉన్నాయని ప్రభుత్వానికి తెలియాలంటే ఉత్తరం రాసి అడగాలా?

అడగాల్సిందే. ఎందుకంటే అక్కడ కాగితం డబ్బు వెంట నడుస్తుంది.

బిల్లు లేనిచోట ఉత్తరం

1965లో లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్, మెడికెయిడ్ పుట్టాయి. మొదటిది ముఖ్యంగా 65 దాటినవాళ్ల వైద్యానికి, రెండోది పేదలకి. నర్సింగ్‌హోమ్‌లు, ఇంటికి నర్సుని పంపే హోమ్ హెల్త్ ఏజెన్సీలు, చివరి రోజుల్లో నొప్పి తగ్గించే హాస్పిస్‌లు మెడికేర్‌కి బిల్లు పెడతాయి. బిల్లు పెట్టాలంటే నమోదు ఉండాలి, మనిషి వివరాలు పంపాలి. అలా వాటి లెక్క వాషింగ్టన్ కంప్యూటర్లలో తనంతట తానే పేరుకుంటుంది. అడల్ట్ డే సెంటర్‌కి మామూలు మెడికేర్ డబ్బివ్వదు. వృద్ధులు అద్దెకుండి సాయం పొందే ‘అసిస్టెడ్ లివింగ్’ ఇళ్లకీ ఇవ్వదు. ఈ రెండిటికీ లైసెన్సులు ఇచ్చేది రాష్ట్రాలు, అదీ ఎవరి పద్ధతి వాళ్లది. కాబట్టి కేంద్రం దగ్గర వీటి చిట్టా లేదు.

(ఇక్కడ ఒక మాట. మన ఊళ్లలో నర్సింగ్‌హోమ్ అంటే కాన్పులయ్యే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అక్కడ నర్సింగ్‌హోమ్ అంటే ముసలితనంలో మంచం పట్టినవాళ్లు నెలలూ ఏళ్లూ ఉండే చోటు. ‘మీ నాన్నగారిని నర్సింగ్‌హోమ్‌లో పెట్టారట’ అని అమెరికా నుంచి ఫోనొస్తే తెనాలిలో వాళ్లు ‘డిశ్చార్జ్ ఎప్పుడు?’ అని అడుగుతారు.)

మేరీలాండ్ రాష్ట్రం హయట్స్‌విల్‌లో నేషనల్ సెంటర్ ఫర్ హెల్త్ స్టాటిస్టిక్స్ అనే సంస్థ ఉంది. వ్యాధుల నియంత్రణ చూసే సీడీసీలో అదొక భాగం, దేశ ఆరోగ్యానికి కరణం కచేరీ అనుకోవచ్చు. 1973–74లో తొలి జాతీయ నర్సింగ్‌హోమ్ సర్వే చేసింది వీళ్లే. ఆ వరసలో చివరిది 2004లో జరిగింది. ఇంటి వైద్యానికొకటి, అసిస్టెడ్ లివింగ్‌కి 2010లో ఇంకొకటి, ఇలా విడివిడిగా సర్వేలు నడిచాయి. అన్నిటినీ ఒకే చూరు కిందికి తెచ్చింది 2012లో. పేరు ‘నేషనల్ స్టడీ ఆఫ్ లాంగ్-టర్మ్ కేర్ ప్రొవైడర్స్’. నర్సింగ్‌హోమ్, హోమ్ హెల్త్, హాస్పిస్ వివరాలు ప్రభుత్వ రికార్డుల నుంచే తీసుకుంటారు. మిగిలిన రెండిటికి మాత్రం ప్రశ్నపత్రం పంపి, ఆన్‌లైన్‌లోనో పోస్టులోనో ఫోన్‌లోనో జవాబు రాబడతారు. 2020 నుంచి పేరు మారి ‘పోస్ట్-అక్యూట్’ అన్న మాట చేరింది, ఆస్పత్రి నుంచి వచ్చాక కోలుకునే కేంద్రాలనీ కలుపుకున్నారు.

2016 లెక్క చూడండి. ఐదు రకాలూ కలిపి 65,600 సంస్థలు, 83 లక్షలకు పైగా మనుషులు. నర్సింగ్‌హోమ్‌లు 15,600, వాటిలో 13 లక్షల 47 వేల మంది. అసిస్టెడ్ లివింగ్, దాని తరహా ఇళ్లు 28,900. వాటిలో 8 లక్షల 11 వేల మంది. పెద్దమ్మ సెంటర్ లాంటివి దేశం మొత్తం మీద 4,600, చేరినవాళ్లు 2 లక్షల 86 వేలు. మనుషుల లెక్కలో ఇది చివరి వరస. కానీ ఆ వరసలో కొన్ని విశేషాలున్నాయి. నర్సింగ్‌హోమ్‌లలో మూడింట రెండొంతులకు పైగా లాభం కోసం నడిచేవే. ఐదు రకాల్లోనూ లాభాపేక్ష ఉన్నవి సగం కన్నా తక్కువగా తేలింది డే సెంటర్లు మాత్రమే. తెల్లవాళ్లు కానివాళ్లు ఎక్కువ శాతంగా కనిపించేదీ వీటిలోనే. వలసవచ్చిన కుటుంబాలకి అమ్మానాన్నల్ని బయట ఉంచడం మనసొప్పదు, పగలంతా ఇంట్లో ఒంటరిగా వదలడమూ కుదరదు. మధ్యే మార్గంగా దొరికింది సెంటర్.

ఈ మధ్యే మార్గానికి ఒక ముచ్చటైన పుట్టుక ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1970 ప్రాంతంలో చైనా, ఇటలీ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ముసలివాళ్లకి దగ్గర్లో నర్సింగ్‌హోమ్ లేదు. కట్టాలంటే తలకుమించిన ఖర్చు. విలియం గీ అనే దంతవైద్యుడు, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మేరీ లూయీ ఆన్సాక్ అనే సామాజిక కార్యకర్త మరికొందరితో కలిసి ఇంకో దారి పట్టారు. పగలు ఇక్కడికి తీసుకొద్దాం, వైద్యం, భోజనం, వ్యాయామం ఇక్కడే, రాత్రికి ఎవరి మంచం మీద వాళ్లు. 1971లో మొదలైన ఆ సంస్థ పేరు ఆన్ లోక్. కాంటనీస్‌లో ప్రశాంతంగా, సంతోషంగా ఉండే నెలవు అని అర్థం. అదే పద్ధతి తర్వాత ‘పేస్’ అనే పథకమై 1997 చట్టంతో మెడికేర్‌లో శాశ్వతంగా చేరింది. కట్టలేకపోవడం వల్ల పుట్టిన ఆలోచన, కట్టగలిగినవాళ్లకీ పాఠమైంది.

ఖర్చు తేడా కూడా అలాంటిదే. జెన్‌వర్త్ అనే బీమా సంస్థ 2021 అంచనాలో డే సెంటర్ మధ్యస్థ ఖర్చు రోజుకి 78 డాలర్లు. నర్సింగ్‌హోమ్‌లో విడిగది నెలకి 9,034 డాలర్లు, అంటే రోజుకి దగ్గర దగ్గర 300.

ఒక మాటకి రెండు సర్వేలు

సర్వే అనగానే మనకి గుర్తొచ్చేది గొలుసు పట్టుకున్న సర్వేయరు, పొలం గట్టు, సర్వే నంబరు. అమెరికాలో వృద్ధుల సంరక్షణ రంగంలో పనిచేసేవాళ్లతో సర్వే అంటే వాళ్ల ముఖం వాడిపోతుంది. వాళ్ల భాషలో సర్వే అంటే తనిఖీ. 1987లో వచ్చిన సంస్కరణ చట్టం ప్రకారం ప్రతి నర్సింగ్‌హోమ్‌నీ 15 నెలలు దాటకుండా రాష్ట్ర బృందం తనిఖీ చేయాలి, అదీ చెప్పకుండా వచ్చి. వంటగది ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత దగ్గర నుంచి మంచం పట్టినవాళ్ల వీపు మీద పుండ్ల దాకా చూస్తారు. దొరికిన తప్పులు నలుగురికీ కనబడేలా పెట్టాలి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నక్షత్రాలు కూడా వేస్తారు, ఒకటి నుంచి ఐదు దాకా.

హయట్స్‌విల్ వాళ్ల సర్వే దీనికి పూర్తిగా తలకిందులు. జవాబివ్వడం, మానడం సెంటర్ ఇష్టం. ఏ సెంటర్ ఏం చెప్పిందో బయటపెట్టకూడదు. బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఒక సర్వే ఊరందరికీ వినబడాలి, రెండోది గుమ్మం దాటకూడదు. నాకు రెండోదే మేలనిపిస్తుంది. భయంలేని చోటే మనిషి ఉన్న సంగతి ఉన్నట్టు రాస్తాడు. కాకపోతే ఆ రాసేవాళ్లు ఎవరన్నదే అసలు మెలిక.

ప్రశ్నలు చూస్తే అర్థమవుతుంది. ఇప్పుడు మీ దగ్గర చేరినవాళ్లు ఎంతమంది? రోజుకి సగటున వచ్చేదెందరు? స్నానానికి, బట్టలు మార్చుకోడానికి, బాత్రూంకి, తినడానికి సాయం కావాల్సినవాళ్లెందరు? మతిమరుపు జబ్బున్నవాళ్లెందరు? మీ ఆదాయంలో మెడికెయిడ్ వాటా ఎంత? అన్నిటికీ జవాబు ఒక అంకె. జవాబిచ్చేది డైరెక్టరు. 2018లో ఇంకో అడుగు వేసి, సెంటర్‌కి వచ్చేవాళ్లలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి విడిగా వివరాలు తీసుకున్నారు. అప్పుడు కూడా చెప్పింది సిబ్బందే. బింగో ఆడేవాళ్లని కదిపినవాళ్లు లేరు. తప్పుపట్టడానికి లేదు, ఆ సర్వే ఉద్దేశమే సంస్థల లెక్క. అయినా ఆవకాయ సీసా ఏ గడిలోనూ పట్టదు.

గడుల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. 2016 నివేదికలో జాతుల పట్టిక నాలుగు వరసలు: హిస్పానిక్, తెల్లవారు, నల్లవారు, ఇతరులు. ఆసియావాళ్లంతా చివరి వరసలోనే. చైనాటౌన్ తాతలూ, న్యూజెర్సీ ఎడిసన్‌లోని గుజరాతీ బామ్మలూ, స్థానిక తెగలవాళ్లూ, మా పెద్దమ్మా అందరూ ‘ఇతరులు’. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనాభా లెక్కలవాళ్ల వివరాల ఆధారంగా తేల్చినప్పుడు మనవాళ్లు ఎంత సంబరపడ్డారో గుర్తుందిగా. ఆ పెరిగినవాళ్లు కోడ్ రాసే కుర్రాళ్లు. వాళ్ల వెనకే వచ్చిన అమ్మానాన్నలు ఇప్పుడిప్పుడే వ్యాన్ల కోసం కిటికీల దగ్గర నిలబడుతున్నారు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకి 1996 చట్టం ప్రకారం చాలావరకు ఐదేళ్ల దాకా కేంద్ర మెడికెయిడ్ అందదు. ఆ ఐదేళ్లూ చేతి డబ్బే. పెద్దమ్మకి ఆ గడువు దాటింది కాబట్టి సరిపోయింది.

లెక్కలో ఉండటం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు బస్సుల్లో, రైళ్లలో నిలబడి సొంతూళ్లు చేరిన జనాన్ని చూశాం. పేరు రాయించుకోకపోతే రేపు ఏం పోతుందో అన్న బెంగ అది. కానీ వృద్ధుల సంరక్షణలో మన లెక్క ఇంకో కొస నుంచి మొదలైంది. 2017–18లో ‘లాసి’ అనే జాతీయ అధ్యయనం 45 ఏళ్లు, ఆపైవాళ్లని 72 వేల మందికి పైగా పలకరించింది. నిద్రెలా పడుతోంది, ఎవరు చూస్తున్నారు, చేతి పట్టు ఎంత ఉంది అని మనుషులనే అడిగారు, పట్టు కొలిచారు కూడా. హయట్స్‌విల్ వాళ్ల సర్వే సంస్థని అడుగుతుంది, మనది మనిషిని అడిగింది. సంస్థల వైపు చూస్తే, జిల్లాకొకటైనా 150 మంది పట్టే వృద్ధాశ్రమం ఉండాలని 2007 చట్టంలో రాసుకున్నాం. గుంటూరులోనో వరంగల్‌లోనో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నలుగురు పెద్దల్ని నెలవారీ డబ్బుకి చూసుకునే ఇల్లు ఉంటే దానికి ప్రశ్నపత్రం పంపేవాళ్లు లేరు. పిల్లలు డాలస్‌లో ఉండి గూగుల్‌లో వెతికి, చూసుకునేవాళ్లతో వీడియో కాల్ చేసి చేర్పిస్తున్నారు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి పెద్దమ్మకి ఆ హయట్స్‌విల్ ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించాను. నవ్వుతూ జవాబులు చెప్పింది. స్నానానికి సాయం? ‘నాకెందుకురా.’ నడకకి? ‘చేతికర్ర ఉందిగా.’ మతిమరుపు? ‘మీ పెదనాన్న అప్పులు తప్ప అన్నీ గుర్తే.’

‘గత తొంభై రోజుల్లో ఎంతమంది పడ్డారు?’ అని చదివాను.

ఆవిడ నవ్వలేదు. వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింది. లేచి తలుపు కాస్త దగ్గరికి వేసింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి మోచెయ్యి చూపించింది. పసుపూ ఊదా కలిసిన మచ్చ, వారం పదిరోజుల నాటిది. బాత్రూంలో జారిందట.

‘సెంటర్‌లో చెప్పావా?’

‘చెబితే వ్యాన్ ఎక్కనివ్వరేమోనని చెప్పలేదు. అయినా వాళ్ల కాగితంలో వాళ్ల దగ్గర పడ్డవాళ్ల సంగతేనేమో. నేను పడింది ఇంట్లో’ అంది.

మర్నాడు ఎనిమిది కాకముందే కిటికీ దగ్గరుంది. కోటు చేతులు మణికట్టు దాకా లాక్కుని.