తాళికి ముహూర్తం ఒక్కటే... కెమెరాలు మాత్రం రెండు

గట్టిమేళం మోగింది. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కెమెరాలో రీలు అయిపోతే ఫొటోగ్రాఫరు ఏం చేయాలి?

రీలు కెమెరాల కాలంలో పల్లెల్లో పెళ్లి ఫొటోలు తీసినవారికి ఇది నిత్యం ఉండే భయం. 35 మి.మీ. రీలుకు 36 ఫొటోలు వచ్చేవి. యాషికా మ్యాట్ వంటి రెండు కళ్ల కెమెరాలో వేసే 120 రీలుకైతే 12 మాత్రమే. అయిపోయిన రీలు చుట్టి, తీసి, కొత్తది ఎక్కించేలోగా తాళి కట్టడం పూర్తయ్యేది. 'మళ్లీ ఒకసారి కట్టినట్టు పట్టుకోండి బాబూ' అని బతిమాలి తీసిన ఫొటోలు పాత ఆల్బంలలో దొరుకుతాయి. దంపతుల తలల మీద అప్పటికే అక్షింతలు ఉంటాయి కనుక చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే అనుభవం ఉన్నవారు మెడలో రెండు కెమెరాలు వేసుకునేవారు. జనం దర్జా అనుకునేవారు గానీ దర్జా కాదు, అవసరం. కలర్ ఖరీదుగా ఉన్న రోజుల్లో ఒకదానిలో కలర్, ఇంకోదానిలో బ్లాక్ అండ్ వైట్ వేసేవారు. ముహూర్తానికి కలర్, బంధువుల గ్రూపు ఫొటోలకు రెండోది.

అసలు మేలు వేరే ఉంది. కెమెరా మధ్యలో బిగుసుకుపోతే చేయి ఊరుకోదు, వెనక తలుపు తెరవబోతుంది. తెరిస్తే వెలుతురు తగిలి తీసిన ఫొటోలు పాడవుతాయి. రెండోది చేతిలో ఉంటే మొదటిదాన్ని అలాగే సంచిలో పెట్టి, తర్వాత స్టూడియో చీకటి గదిలో విప్పుకోవచ్చు. ముహూర్తం ఫొటోలు రెండు రీళ్లలో ఉంటే, కడగడంలో ఒకటి చెడినా రెండోది మిగులుతుంది.

రీలు పళ్లకు పట్టకపోవడం మరో ముప్పు. అంకెలు మామూలుగా తిరుగుతూనే ఉంటాయి, లోపల ఒక్క బొమ్మా పడదు. లివరు లాగినప్పుడు ఎడమవైపు రీలు చుట్టే పిడి కూడా తిరుగుతోందో లేదో చూడాలి. తిరగకపోతే రీలు కదలనట్టే.

రెండో కెమెరాకు కూడా అదే లెన్సు మౌంటు ఉంటే లెన్సులు రెండింటికీ సరిపోతాయి. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000, 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 బ్యాటరీ అయిపోయినా ఫొటో తీస్తాయి. వెలుతురు కొలిచే మీటరు మాత్రం పనిచేయదు. రెండోదాన్ని బీరువాలో పడేస్తే లాభం లేదు. చెమ్మకు లెన్సులో బూజు పడుతుంది, పాత బ్యాటరీ కారుతుంది. అప్పుడప్పుడు మీట నొక్కి చూడాలి. ఏ కెమెరాలో ఏ రీలు ఉందో చీటీ అంటించాలి.

ఊటీలో 'ఇందు' రీళ్లు తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. విదేశీ రీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ధర మాత్రం బాగా ఎక్కువ. ఇప్పటి డిజిటల్ కెమెరాలకు రీలు బాధ లేకపోయినా మొరాయించడం తప్పలేదు. పెళ్లికి ఫొటోగ్రాఫరును మాట్లాడుకునేవారు అడ్వాన్సు ఇవ్వకముందే రెండో కెమెరా సంగతి అడగాలి. ఉందంటే, ముహూర్తం ఫొటోలు కొన్ని అందులోనూ తీయమని చెప్పాలి.