ఆటపెట్టెల భవితవ్యము



కొత్తవలస రైలు కూడలిలో నిలుచుండువారికి ఇనుపరాతి బండ్లు క్రొత్త గావు. బైలడిల్లా కొండలలోని ఖనిజమును విశాఖపట్నము రేవు మీదుగా జపానుదేశమునకు పంపు నుద్దేశముతో 1960 దశకమున కొత్తవలస నుండి కిరండూలు వరకు రైలుమార్గమును వేసిరి. మన ఖనిజము అటు పోవుచుండగా, ఆ దేశము నుండి కొంతకాలమునకు వేరొక సరకు లోకమంతట వ్యాపించినది. అది పిల్లల ఆటపెట్టె. దానినే వీడియో గేమందురు. ఇప్పుడా పెట్టె మునుముందు నిలుచునా, నిలువదా యను సందేహము పుట్టినది. పిల్లల ఆట యేమైన మనకేమి యని మీరడుగవచ్చును. మన యింటి సొమ్మును, మనుమల ప్రొద్దును ఈ విషయమున చిక్కుకొని యున్నవి. కావున పెద్దలు దీనిని తెలిసికొనుట మంచిది.

ఆటపెట్టెలు రెండు విధములు. టెలివిజనునకు తగిలించి ఆడునది యొకటి, దీనిని కన్సోలందురు. తెరతో కూడ అరచేత నిముడునది రెండవది. ఇంటిలో ఆడుకొను మొదటి పెట్టె 1972లో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. దాని పేరు మాగ్నవాక్స్ ఒడిస్సీ. 1983లో అచ్చటి ఆటల వర్తకము కుప్పగూలెను. నాసిరకపు ఆటలు అంగళ్ళలో గుట్టలు పడగా, కొనువారికి నమ్మకము సడలినది. ఈ వేడుక ముగిసినదని పలువురు తలచిరి. కాని ఆ యేటనే జపానులో నిన్‌టెండో సంస్థ ఫామికామ్ అను పెట్టెను తెచ్చెను. ఈ సంస్థ 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటతో మొదలైనది. 1989లో దీని గేమ్ బాయ్ అను చేతిపెట్టె వెలువడి, 11 కోట్లకు పైగా అమ్ముడు పోయినది. 2000లో సోనీ సంస్థ తెచ్చిన ప్లేస్టేషన్ 2 యొక్క అమ్మకము 15 కోట్లను దాటినది.

మన గ్రామములకు వచ్చినవి చాలవరకు అసలు పెట్టెలు గావు, వాని నకళ్ళు. వానిలో దూర్చు ఆటబిళ్ళను మన పిల్లలు కాసెట్టనిరి. మా యింటను అట్టి పెట్టె యొకటి యుండెను. పరీక్షల దినములలో నేను దానిని బీరువాలో పెట్టి తాళము వేసెడివాడను. అది చదువునకు శత్రువని నా నమ్మకము. ఆ నమ్మకము పూర్తిగా తప్పు గాదు. కాని అందు నేను చూడని సంగతి యొకటి కలదని తరువాత తెలిసినది. దానిని చివర చెప్పెదను.

ఇప్పుడీ పెట్టెలకు వచ్చిన చిక్కులు మూడు.

మొదటిది చేతిఫోను. 2016లో జియో వచ్చిన పిమ్మట మనదేశమున డేటా చవుకయైనది. ఫోను ప్రతి గడపను ద్రొక్కినది. ప్లేస్టేషన్ 5 మనదేశమునకు 2021లో వచ్చినపుడు దాని వెల 49,990 రూపాయలు. ఇంటిలో నున్న ఫోనులోనే ఆట ఊరక దొరకుచుండగా, అంత సొమ్ము వెచ్చించు కాపు కుటుంబము లెన్ని? ఫోను దెబ్బకు చేతిపెట్టెలే ముందుగా తగ్గినవి. సోనీవారు తమ చేతిపెట్టె వీటాను 2019లో మానివేసిరి. నిన్‌టెండోవారు 3డిఎస్ అను దానిని 2020లో చాలించిరి.

రెండవది వెల. పూర్వము పెట్టె వచ్చిన కొన్ని యేండ్లకు దాని ధర దిగుచుండెను. బీదవాడు ఓపికపట్టిన కొనగలిగెడివాడు. 2025లో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్సు ధరను, సోనీవారు ప్లేస్టేషన్ 5 ధరను అమెరికాలో పెంచిరి. పాతబడిన సరకు ప్రియమగుట ఈ వర్తకమున వింత. దిగుమతి సుంకములు పెరుగుట అందుకొక కారణము.

మూడవది సొంతపు హక్కు. కాసెట్టు మన చేతి వస్తువు. పొరుగు పిల్లవానికి ఎరువీయవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. నేడు ఆటలు పెక్కు కంపెనీవారి యంగడినుండి గాలిలో దిగుచున్నవి. 2023 మార్చిలో నిన్‌టెండోవారు 3డిఎస్ పెట్టెకు చెందిన యంగడిని మూసిరి. అటుపిమ్మట అందు క్రొత్తగా ఆట కొన వీలులేదు. మరి కొన్ని బిళ్ళలలో ఆటయే యుండదు, ఆటను తెచ్చుకొను తాళపుచెవి మాత్రమే యుండును. భూమి వ్యవహార మెరిగిన మీకు ఇది సులభముగ బోధపడును. పట్టా వేరు, కౌలు వేరు. మునుపు పిల్లలు పట్టాదారులు, ఇప్పుడు కౌలుదార్లు.

అయినను పెట్టె పని ముగిసినదని చెప్పుటకు నేను సాహసింపను. 2017లో వచ్చిన నిన్‌టెండో స్విచ్ ఇంటను చేతిలోను ఆడదగినది. దాని అమ్మకము 15 కోట్లను మించినది. 2025 జూనులో దాని రెండవ రూపము రాగా, నాలుగు నెలలలోపలనే కోటి పెట్టెలు చెల్లినవి. పెట్టె యక్కరలేకయే ఆటలను తంతిమీద పంపుదుమని 2019లో గూగులువారు స్టేడియా అను ఏర్పాటు చేసి, 2023 జనవరిలో మూసివేసిరి. కావున 1983లో వలెనే నేడును జోస్యము చెప్పుట కష్టము.

మనకు కావలసినది జోస్యము గాదు, వివేకము. పెట్టెలోని ఆటకు ప్రాయికముగ ఒకమారు సొమ్మిచ్చిన చాలును. ఫోనులోని ఆట ఊరక వచ్చును. పిమ్మట అడుగడుగునకు చేయి చాచును. కొన్ని కేవలము పందెములే. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో గేమింగు చట్టమును సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు శాసనము చేసినది. చట్టము చేసినంతమాత్రమున ఇంటిలోని కన్ను మూసికొనరాదు.

ఇక నేను చూడని సంగతి. ఆ పెట్టె టెలివిజనునకు తగిలి నట్టింట నుండెడిది. ఎవరాడుచున్నారో, ఎంతసే పాడుచున్నారో నాకు తెలియుచుండెను. ఇద్దరు చెరియొక పిడి పట్టి ఆడగా, నలుగురు వంతుకై కాచియుండెడివారు. ఓడినవాడు లేచి తావిచ్చుట నేర్చెను. నేడు మనుమడు మూల గదిలో ఒంటిగ కూర్చుండి యాడుచున్నాడు. వాడు గెలిచెనో, ఓడెనో, ఎంత పోగొట్టుకొనెనో నాకు తెలియదు. నేను తాళము వేసిన పెట్టె కంటె, తాళము లేని ఈ ఫోనే ఎక్కువ జాగ్రత్త కోరుచున్నది.

కావున పిల్లవాడు ఆడుచున్నాడని విన్నంతనే కోపపడక, మూడు ప్రశ్న లడుగుడు. ఈ ఆట మరల మరల సొమ్మడుగుచున్నదా? వీ డెవరితో నాడుచున్నాడు? ఆటకు ముగింపున్నదా, లేదా? వీలైన వాని ప్రక్కనే కూర్చుండి యొకమారు మీరును ఆడి చూడుడు. మన గుడి మండపములలో పులిజూదపు గీతలు రాతిమీద చెక్కియుండుట మీరు చూచియేయున్నారు. ఆ రాతికి అద్దె లేదు, దానిని మూయు కంపెనీ లేదు. ఎదుట నొక మనిషి కూర్చున్నగాని ఆట సాగదు. ఆటపెట్టె నిలిచినను పోయినను, ఆ యెదుటి మనిషిని మాత్రము మన పిల్లలకు దూరము కానీయకుందుము గాక.