పిలువని పేరంటము – బ్రౌజర్లు, పాపప్‌ల నివారణ

నేడు గ్రామములయందు సెల్ ఫోను లేని యిల్లు అరుదు. పంటల ధరలు, వాతావరణ సూచనలు, పరీక్షా ఫలితములు, పథకముల దరఖాస్తులు అన్నియు ఫోనులోనే చూచుకొనుచున్నారు. ఇంటర్నెట్టులోని పుటలను తెరచి చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ మొదలగునవి బ్రౌజర్లే.

మిరప ధర తెలిసికొనగోరి రైతు ఒక పుటను తెరచును. ధర కనబడక మునుపే వేరొక కిటికీ అడ్డముగా తెరచుకొని, ఫోనునకు వైరస్ సోకినదనియు, వెంటనే అచ్చట నొక్కవలెననియు బెదరించును. కోరకయే తెరచుకొను ఇట్టి కిటికీలనే పాపప్‌లందురు. ఇవి పిలువని పేరంటము వంటివి. అన్నియు వట్టి విసుగుతో పోవునవి కావు. కొన్ని మోసగాండ్రు పన్నిన వలలు. బెదరి నొక్కి, అడిగిన వివరములిచ్చినచో కష్టార్జితము క్షణములో చేజారిపోవచ్చును.

ఇవి ఎట్లు పుట్టినవి?

1990 దశాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలోని ట్రైపాడ్ అను సంస్థలో పనిచేయుచుండిన ఈథన్ జుకర్‌మన్ పాపప్ ప్రకటనకు తొలి ప్రోగ్రామును వ్రాసెను. అనుచితమైన విషయముగల పుటపై తమ ప్రకటన కనబడినదని ఒక కంపెనీవారు ఆక్షేపింపగా, ప్రకటనను వేరు కిటికీలో చూపుట మేలని అప్పుడు తలచిరి. తరువాత ఈ పద్ధతి లోకమంతట వ్యాపించి బెడదగా మారెను. 2014లో ఆయనయే ఒక వ్యాసమున క్షమాపణ చెప్పుకొనెను.

బెడద పెరిగినకొలది నివారణోపాయములును వచ్చినవి. 2002లో వెలువడిన మొజిల్లా 1.0 నందును, 2003లో వచ్చిన సఫారియందును ఈ ఏర్పాటు కలదు. 2004లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకును ఇది సమకూరెను. ఆ యేడే వెలువడిన ఫైర్‌ఫాక్స్ 1.0 నందును ఉండెను.

కావలివాని పద్ధతి

బ్రౌజరు ఇంటి వాకిట కావలివాని వంటిది. క్రొత్త కిటికీ తెరువబోవునపుడు, ఇది చూచువారు వ్రేలితో నొక్కినందున వచ్చినదా, లేక పుట తనంతట తెరచుచున్నదా అని విచారించును. తనంతట వచ్చినదానిని ఆపును. నొక్కినందున వచ్చినదానిని పోనిచ్చును. రసీదు కొరకు మనము నొక్కినపుడు క్రొత్త కిటికీ తెరచుకొనుట ఇందువలననే. మోసగాండ్రు ఈ సందునే వాడుకొందురు. పుటపై కంటికి కనబడని పొరను పరచి, ఎచ్చట తాకినను అది కిటికీని తెరచునట్లు చేయుదురు. కావున ఏ బ్రౌజరును సంపూర్ణ రక్షణ నీయజాలదు.

ఏ బ్రౌజరు ఎంతవరకు?

తమంతట తెరచుకొను కిటికీలను ఆపుటలో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారి దాదాపు సమానములే. తేడా తక్కిన ప్రకటనల విషయమున కలదు. క్రోమ్ 2018 ఫిబ్రవరి నుండి, ప్రకటనల నియమములను పదేపదే అతిక్రమించు సైట్లలోని ప్రకటనలను తొలగించుచున్నది. తక్కిన సైట్ల జోలికి పోదు. బ్రేవ్ మొదటినుండియు చాలవరకు ప్రకటనలను అడ్డగించును. ఒపేరాలో అట్టి ఏర్పాటు కలదు గాని, దానిని మనమే ప్రారంభింపవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో ఫైర్‌ఫాక్స్‌నకు యుబ్లాక్ ఆరిజిన్ వంటి అదనపు సాధనమును చేర్చుకొనవచ్చును. ఐఫోనులోని సఫారికిని అడ్డగించు యాప్‌లను జతపరచుకొనవచ్చును.

కావలివాని చేతికి చిక్కనివి మూడు కలవు. మొదటిది, పుటలోనే పైకి తేలివచ్చు పెట్టె. అది వేరు కిటికీ కాదు. రెండవది, నోటిఫికేషన్లు, ఒకసారి మనము అనుమతించినచో సైటును మూసినను వచ్చుచుండును. మూడవది, బ్రౌజరును తెరువకున్నను తెరనిండ వచ్చు ప్రకటన. ఇది ఫోనులో చేర్చుకొన్న ఏదో యాప్ చేయు పని. ఆ యాప్‌ను తొలగించుటయే మందు.

చేయవలసిన పనులు

క్రోమ్‌లో మూడు చుక్కల గుర్తును నొక్కి, సెట్టింగులలోని సైట్ సెట్టింగులను తెరచి, పాపప్‌ల అనుమతి ఆపివేయబడి యున్నదో లేదో చూచుకొనవలెను. అవసరమైన రసీదు కిటికీ ఆగిపోయినచో, నమ్మదగిన ఆ ఒక్క సైటునకే అనుమతి నీయవలెను. అన్నిటికి తలుపులు బార్లా తెరువరాదు. ఊరు పేరు తెలియని సైటు నోటిఫికేషన్లకు అనుమతి కోరినచో నిరాకరింపవలెను. బ్రౌజరును ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయుచుండవలెను.

వైరస్ బెదరింపు కనబడినచో కంగారుపడరాదు. పుట చూచినంతమాత్రమున ఫోనులోని వైరస్ ఏ సైటునకును తెలియదు. ఆ పెట్టెలోని గుణకారపు గుర్తును నమ్మక, ఆ ట్యాబునే మూసివేయవలెను. అందులోని నంబరునకు ఫోను చేయరాదు. ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనక, తక్షణమే 1930 నంబరునకు ఫోను చేసి తెలుపవలెను. తమ బ్యాంకునకును తెలియజేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును మధ్యలో నిలిపివేయుటకు అంత అవకాశముండును.

ఇంటిలో చదువుకొన్న పిల్లలు పెద్దల ఫోనులలోని ఈ సెట్టింగులను ఒకసారి సరిచూచి పెట్టుదురుగాక. తలుపు గడియ వేయుటకు పట్టునంత సమయమే దీనికిని చాలును.