గాడిలో పాట, గుంటల్లో పాట

మా నాన్న దాచుకున్న ఎల్పీలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాటకు పక్కవాద్యం ఒకటి ఎక్కువ. 1.8 సెకన్లకొకసారి ‘టక్’మంటుంది. అది ఆదితాళానికీ కలవదు, రూపకానికీ కలవదు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉన్న రోజుల్లో నేను ముల్లు జార్చి పెట్టిన గీత అది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే చుట్టుకు 1.8 సెకన్లు. గాడులకు అడ్డంగా పడ్డ గీత ప్రతి చుట్టులోనూ ముల్లుకు ఒకసారి తగలక తప్పదు. నాన్న తిట్టలేదు. “పోనీలేరా, ఎవరెత్తుకుపోయినా మనదేనని గుర్తుపట్టొచ్చు” అన్నాడు.

ఆ ఎల్పీ ‘బాలాజీ పంచరత్నమాల’లో ఒకటి. అప్పటి తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ చొరవతో తయారై 1980లో ఐదు రికార్డులుగా వెలువడింది. అన్నమయ్య పాటలు ఇళ్లలోకి రావడంలో దాని పాత్ర పెద్దది. తాళ్లపాక వారి పాటలు శతాబ్దాల పాటు రాగిరేకుల మీద, తిరుమల సంకీర్తన భాండాగారంలో పడి ఉన్నాయి. 1922లో మళ్లీ వెలుగు చూశాయి. రేకు మీద రాగం పేరుంది, సాహిత్యముంది, స్వరం మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు వాటికి కొత్తగా వరుసలు కట్టాల్సి వచ్చింది. రాగి మాటను కాపాడింది కానీ గొంతును కాపాడలేకపోయింది. ఆ పని వినైల్ గాడి చేసింది. ఎల్పీ ఒక వైపున గాడిని సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. దాని గోడల వంకరలే పాట.

విచిత్రమేమిటంటే అదే 1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి కాంపాక్ట్ డిస్క్ నియమావళిని ఖరారు చేశాయి. రెండేళ్లకు జపాన్‌లో సీడీలు అమ్మకానికొచ్చాయి. సీడీలో ముల్లు లేదు, లేజర్ కిరణముంది. ఎల్పీ అంచు నుంచి లోపలికి పాడితే, సీడీ లోపలి నుంచి అంచుకు పాడుతుంది. 12 సెంటీమీటర్ల బిళ్లలో లేజర్ చదివే గుంటల వరుస 5 కిలోమీటర్లకు పైనే. తిరుమలకెక్కే అలిపిరి మెట్ల దారిలో సుమారు సగం దూరమన్నమాట. వంకరల బదులు అందులో అంకెలుంటాయి. సెకనుకు 44,100 సార్లు ధ్వని ఎత్తు కొలిచి, ఒక్కో కొలతనూ, అంటే నమూనానూ, 16 బిట్లలో రాస్తారు.

2004 ప్రాంతంలో తిరుపతిలో ఒకాయన రికార్డు ప్లేయర్‌ను సీడీ రికార్డరుకు తగిలించి మా ఎల్పీని సీడీకి ఎక్కించి ఇచ్చాడు, ‘టక్’తో సహా. నిరుడు ఆ సీడీని మా మేనల్లుడికిచ్చి, కంప్యూటర్లోకి లాగి ఆ చప్పుడు తీసేయమన్నాను. సాయంత్రానికి ఫోన్ చేశాడు: “మామా, పాట రాలేదు, చీటీ వచ్చింది.”

నిజమే. విండోస్ కంప్యూటర్లో ఆడియో సీడీ తెరిస్తే ఒక్కో పాటకు 44 బైట్ల చిన్న ఫైలు కనిపిస్తుంది. అందులో పాట ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపుంటుందో రాసి ఉంటుంది, అంతే. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవడమంటే మనిషిని పిలుచుకురమ్మంటే ఇంటి నంబరు రాసుకొచ్చినట్టు.

అసలు పాటను బిట్టు బిట్టుగా బయటికి తీయడాన్నే రిప్పింగ్ అంటారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ సీడీని కనిపెట్టినవాళ్లు దాన్ని కంప్యూటర్ కోసం చేయలేదు, ఆగకుండా పాడడానికి చేశారు. డేటా సీడీలో ప్రతి ముక్క నెత్తిన దాని చిరునామా ఉంటుంది. ఆడియో సీడీలో సెకనుకు 75 ముక్కలుంటాయి గానీ, ముక్కకు అలాంటి కచ్చితమైన చిరునామా లేదు. చదువుతూ చదువుతూ డ్రైవు ఓ క్షణం ఆగి మళ్లీ మొదలుపెడితే, పాత డ్రైవులు సరిగ్గా ఆగినచోటికి రాలేకపోయేవి. కొన్ని నమూనాలు రెండుసార్లు వచ్చేవి, కొన్ని ఎగిరిపోయేవి, అతుకు దగ్గర చిటుక్కుమనేది. పాత చప్పుడు తీయబోతే కొత్త చప్పుడు! జర్మనీలో ఆండ్రే వీథాఫ్ 1998లో తెచ్చిన ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’, అమెరికాలో క్రిస్ మాంట్‌గొమరీ రాసిన ‘సీడీపారనోయా’ దీనికి విరుగుడు చూపాయి. ప్రతి ముక్కనూ ముందుదాని తోక కలుపుకొని చదవడం, రెండూ ఎక్కడ సరిపోలాయో అక్కడ అతకడం, అనుమానమొస్తే మళ్లీ చదవడం. గంట పాటకు గంట పట్టినా సరే. నాకు ఈ అనుమానపు బుద్ధి నచ్చింది.

సీడీకి తనదైన జాగ్రత్త కూడా ఉంది. కొండకు పోయేటప్పుడు డబ్బంతా ఒకరి జేబులో పెట్టకుండా నలుగురికీ పంచుతాం చూడండి, అలా పక్కపక్క నమూనాలను దూరదూరంగా చెదరగొట్టి రాస్తుంది. వాటితో పాటు సరిచూసుకునే అంకెలు కలుపుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల మేర చెడిపోయినా లెక్కగట్టి పూర్తిగా రాబట్టగలదు. అంతకు మించితే ప్లేయర్ చడీచప్పుడు లేకుండా ఊహించి పూడుస్తుంది. వినేవాడికి తెలియదు.

ఎల్పీ గీతను చెరపడం కూడా ఈ ఊహే. ఇరవై రెండు నిమిషాల వైపులో ఒక్కో చానెల్‌కు 5 కోట్ల 82 లక్షల నమూనాలు. ఒక మిల్లీసెకను ‘టక్’ అందులో 44 నమూనాలే. వాటిని తీసేసి, అటూ ఇటూ అల ఎలా ఒంపు తిరుగుతోందో లెక్కగట్టి మధ్యను నింపుతారు. వాకిట్లో ముగ్గు మీద ఎవరో కాలేస్తే చెరిగిన చోట రెండు వైపులా గీతల పోకడ చూసి అమ్మ కలిపేసేది. గణితం అంతకంటే గొప్ప పనేం చేయదు. 1980లలో కేంబ్రిడ్జ్ ఇంజనీర్లు బ్రిటిష్ ధ్వని భాండాగారం కోసం ఈ విద్య సాధించారు, దాని మీదే 1988లో సెడార్ సంస్థ నిలబడింది. ఇవాళ ‘ఆడాసిటీ’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మన ఇంట్లోనే ఆ పని చేస్తుంది.

అయితే యంత్రానికి మన సంగీతం తెలియదు, చిక్కంతా అక్కడే. హఠాత్తుగా లేచి పడిపోయే ధ్వని దానికి గీత. మృదంగం మీద చాపు దెబ్బా అంతే కదా! మావాడు మొదటిసారి గట్టిగా తోమితే ‘టక్’ పోయింది, మృదంగం గోనెసంచి మీద కొట్టినట్టయింది. రెండోసారి ‘సుయ్’మనే హోరు తీయబోయాడు. దానికి ముందు హోరు ఎలా ఉంటుందో ఓ మచ్చు చూపించాలి. వాడు పాటకు ముందున్న నిశ్శబ్దం అనుకుని చూపిన ముక్కలో తంబురా మీటుతోంది. యంత్రం బుద్ధిగా పాట పొడవునా తంబురాను తుడిచేసింది. శ్రుతి లేని పాట విన్నాం. మూడోసారి తంబురా కంటే ముందు, ఖాళీ గాడి మీద ముల్లు ఒంటరిగా నడిచే రెండు సెకన్లను వెతికి చూపాం. గీతలను ఒక్కొక్కటిగా, చెవితో విని, చేత్తో తీశాం. ఒక వైపుకు నాలుగు ఆదివారాలు పట్టింది.

తోమకుండా తీసిన తొలి ప్రతిని విడిగా దాచాం. రేపు ఇంతకంటే మంచి విద్య వస్తే దానికి కావాల్సింది అదే.

ఇంట్లో రాసిన సీడీలకు ఆయుష్షు తక్కువ. వాటిలో నిజమైన గుంటలుండవు. లేజర్ కాల్చిన రంగుపూతే ఉంటుంది. అది వేడికీ వెలుతురుకూ వెలిసిపోతుంది. మన సీమ ఎండల సంగతి చెప్పాలా? బీరువా పైన, స్కెచ్ పెన్నుతో పేరు రాసిన పాత సీడీలు మీ ఇంట్లోనూ ఉంటే ఈ వారమే దించండి. శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు, ముందు పాటను బయటికి తీయండి. ఎల్పీని మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి.