మీకు తెలుసా? సోలాపూర్ నేతవాడలో ‘ముందు’ మాటలు!

సోలాపూర్‌లోని మన నేతవాడల్లో ఒక్కసారి తిరిగి చూడండి. మగ్గాల టకటకల మధ్య తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. వాటి నడుమ ఇంగ్లీషు మాటలూ రంగు పోగుల్లా మెరుస్తుంటాయి: ఫస్ట్ షిఫ్టు, అడ్వాన్సు, ఫోర్‌మన్, ప్రెసిడెంటు, ప్రీమియం! వీటన్నింటి కడుపులోనూ ‘ముందు’ అనే అర్థమే దాగి ఉందంటే నమ్ముతారా? ఎన్నాళ్లుగానో ఏరి దాచుకున్న మూట ఇది. పిల్లలూ పెద్దలూ, అందరూ దగ్గరికి రండి, విప్పుతున్నాను!

• సోలాపూర్‌లో తెలుగు పద్మశాలీలు ఎక్కువగా ఉండే ప్రాంతాన్ని ‘పూర్వ భాగ్’ అంటారు, ఆ పేరులోనే ‘ముందు’ ఉంది! సంస్కృతంలో ‘పూర్వ’ అంటే తూర్పు అనీ ముందు అనీ రెండు అర్థాలు. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడితే మన ముందుండేది తూర్పే కదా!

• ‘ఫస్ట్’, ‘ఫోర్‌మన్’ ఒకే ఇంటి బిడ్డలు! పాత ఇంగ్లీషులో ‘ఫోర్’ అంటే ముందు. అన్నింటికన్నా ముందున్నది ‘ఫస్ట్’ అయింది, పనివాళ్లకు ముందు నిలిచేవాడు ‘ఫోర్‌మన్’ అయ్యాడు.

• ‘ఫోర్‌మోస్ట్’ అనే మాటలో ‘అన్నింటికన్నా’ అనే అర్థం రెండుసార్లు ఉంది! ‘ఫోర్మెస్ట్’ అన్న పాత రూపమే సరిపోయేది, జనం చివర ‘మోస్ట్’ కూడా చేర్చేశారు; మనం మాత్రం తక్కువ తిన్నామా, ‘మొదట’ చాలక ‘మొట్టమొదట’ అనలేదూ!

• ‘అడ్వాన్సు’ తీసుకోని నేత ఇల్లు అరుదు, కానీ ఆ మాటలోని ‘డ’ పొరపాటున వచ్చి చేరిందని తెలుసా? ఫ్రెంచి వాళ్లు ‘అవాన్సే’ అంటుంటే, అది లాటిన్ ‘అడ్’తో మొదలైన మాట అనుకుని ఇంగ్లీషు రాతగాళ్లు మధ్యలో ఒక ‘డ’ దూర్చేశారు. ‘అడ్వాంటేజ్’లోనూ అదే కథ!

• అప్పులో వడ్డీ కాకుండా మిగిలే అసలు సొమ్ముకు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ‘మొదటిది’ అనే పేరే! ఇంగ్లీషు ‘ప్రిన్సిపల్’ లాటిన్‌లో ‘మొదటి’ అనే మాట నుంచి పుట్టింది, తెలుగులో దాన్ని ‘మొదలు’ అంటాం, సోలాపూర్ బజారులో మరాఠీ వాళ్లు ‘ముద్దల్’ అంటారు.

• రాకుమారుడికీ కాలేజీ ప్రిన్సిపాల్‌కూ చుట్టరికం ఏమిటో చెప్పగలరా? ‘ప్రిన్స్’, ‘ప్రిన్సిపాల్’ రెండూ లాటిన్ ‘ప్రిన్‌కెప్స్’ సంతానమే, దాని అర్థం ‘ముందుగా అందుకునేవాడు’!

• సంఘం ‘ప్రెసిడెంటు’ అంటే మాట ప్రకారం ‘ముందు కూర్చునేవాడు’, అంతే! లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘సెడేరే’ అంటే కూర్చోవడం. ఆ లెక్కన మగ్గం ముందు కూర్చున్న ప్రతి నేతన్నా ప్రెసిడెంటే!

• పొద్దున ఏడు గంటల ‘ఏ.ఎం.’ అనే రెండక్షరాల మాటలోనూ ‘ముందు’ ఉంది! అవి ‘ఆంటె మెరీడియెం’ అనే లాటిన్ మాటలకు పొడి అక్షరాలు, అర్థం ‘మధ్యాహ్నానికి ముందు’. ఒకప్పుడు గిర్నీ భోంగా, అంటే మిల్లు సైరన్, మోగి ఫస్ట్ షిఫ్టుకు పిలిచింది ఆ వేళల్లోనే.

• సోలాపూర్‌లో 1877లో పుట్టిన మొదటి బట్టల మిల్లును ఊరంతా ‘జూనీ మిల్’, అంటే పాత మిల్లు అంటుంది! పుట్టినప్పుడు అదీ కొత్త మిల్లే. తర్వాత లక్ష్మీ, విష్ణు వంటి మిల్లులు వచ్చాకే ముందు పుట్టినదానికి ‘పాత’ అనే బిరుదు దక్కింది.

• ‘పయనీర్’ అనగానే మహా మేధావి కళ్లముందు మెదులుతాడు కదా, కానీ మొదట్లో ఆ మాటకు కాలిబంటు అని అర్థం! పార, గొడ్డలి పట్టుకుని సైన్యానికి ముందు నడిచి దారి చేసేవాళ్లే పయనీర్లు. చదరంగంలోని ‘పాన్’, అదే మన బంటు, వాళ్లకు దగ్గరి చుట్టం.

• ‘యాన్సెస్టర్’ అంటే ‘ముందు నడిచినవాడు’! తెలంగాణ పల్లెలు విడిచి మగ్గాల పని వెతుక్కుంటూ సోలాపూర్ చేరిన మన తాతముత్తాతలకు ఇంతకన్నా సరిపోయే మాట దొరుకుతుందా?

• పెద్ద దొరల మర్యాదల మాట ‘ప్రోటోకాల్’కు అసలు అర్థం ‘మొదటి జిగురు’! గ్రీకులు పపైరస్ చుట్టకు ముందుగా అతికించే మొదటి కాగితాన్ని అలా పిలిచేవారు. నేతకు ముందు పడుగుకు గంజి పెట్టే మనకు జిగురు విలువ వేరే చెప్పాలా?

• సోలాపూర్ శేంగా (పల్లీ) చట్నీలో కూడా ‘మొదటిది’ అనే మాట ఉంది, కనిపెట్టారా? 100 గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాములుండే ‘ప్రోటీన్’కు ఆ పేరు 1838లో అచ్చులోకి వచ్చింది, గ్రీకులో దానికి ‘మొదటి స్థానంలోనిది’ అని అర్థం!

• హైదరాబాద్ పెళ్లి విందులో లొట్టలేసుకుంటూ తినే ఖుబానీ మీఠాలోనూ ఒక ‘ముందు’ ఉంది! ఖుబానీని ఇంగ్లీషులో ‘ఏప్రికాట్’ అంటారు. ‘ముందే పండేది’ అనే లాటిన్ మాట గ్రీకు, అరబ్బీ, స్పెయిన్ దేశాలు తిరిగి తిరిగి ఇంగ్లీషుకు చేరేసరికి అలా మారిపోయింది.

• ఒక్క అక్షరం తేడాతో ‘ముందు’ కాస్తా ‘ఎదురు’ అయిపోతుంది! ఇంగ్లీషులో చివర ‘ఇ’ అక్షరమున్న ‘యాంటె’ అంటే ముందు, ‘ఐ’ అక్షరమున్న ‘యాంటీ’ అంటే విరుద్ధం. ఆసుపత్రి బోర్డు మీది ‘యాంటెనేటల్’ కాన్పుకు విరోధి కాదు, కాన్పుకు ముందు చేసే పరీక్ష!

• పెళ్లి ముహూర్తాన్ని ‘ప్రీపోన్’ చేశామని మనం ధీమాగా అంటాం కానీ, ఇంగ్లండులో చాలామందికి ఆ మాట అంతుపట్టదు! ‘పోస్ట్‌పోన్’కు జోడీగా భారతదేశంలో బాగా వాడుకలోకి వచ్చిన ఈ మాటను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఇప్పుడు తన పేజీల్లో కూర్చోబెట్టుకుంది.

• ‘ప్రిపోస్టరస్’ అనే మాట తనే ముందువెనకలుగా ఉంటుంది! ‘ప్రే’ అంటే ముందు, ‘పోస్టెరుస్’ అంటే వెనక. వెనకది ముందుకొస్తే ఎంత అసంబద్ధమో చెప్పడానికే ఆ మాట పుట్టింది.

• ఏటేటా కట్టే బీమా ‘ప్రీమియం’ ఒకప్పుడు మనం కట్టేది కాదు, మనకు దక్కేది! లాటిన్ ‘ప్రేమియుం’ అంటే ‘ఇతరులకన్నా ముందు తీసుకున్నది’, అంటే బహుమతి, గెలిచిన సొత్తు.

• కంప్యూటర్‌కు ‘ప్రిడిసెసర్’, అంటే ముందటి తరం పెద్ద, ఎవరో తెలుసా? మన చద్దరు మీద పూలు తెప్పించే జకార్డు! 1804 నాటి ఆ యంత్రం చిల్లుల అట్టలను చదివి నేస్తుంది, అదే అట్టల ఊహను చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు.

• ఆ జకార్డు మీద 1839లో దాన్ని కనిపెట్టిన జకార్డు దొర బొమ్మనే పట్టులో నేశారు, అందుకు పట్టిన అట్టలు దాదాపు 24,000! రోజుకు ఒక్కో అట్ట లెక్కపెడితే పూర్తవడానికి 65 ఏళ్లకు పైనే పడుతుంది.

• మన దేశంలో భౌగోళిక గుర్తింపు కోసం వచ్చిన దరఖాస్తుల వరుసలో పోచంపల్లి ఇక్కత్‌ది 4వ నంబరు, సోలాపూర్ చద్దరుది 8, సోలాపూర్ టర్కీ టవలుది 9! మొదటి పదిలో మూడు చోట్ల తెలుగు నేతన్నల చేతి వాసన ఉంది, ‘ఫస్ట్ కమ్’ అంటే అదీ!

• ‘ప్రీ-ఇండిపెండెన్స్’ అనే మాటకు సోలాపూర్ ఒక కొత్త అర్థమే చెప్పింది, దేశం కన్నా 17 ఏళ్ల ముందే స్వేచ్ఛను రుచి చూసింది! 1930 మే నెలలో మిల్లు కార్మికులూ ఊరి జనమూ తిరగబడితే కొద్ది రోజులు ఇక్కడ బ్రిటిష్ పాలనే లేకుండా పోయింది, దాన్ని తిరిగి నిలబెట్టడానికి సైనిక శాసనం పెట్టాల్సి వచ్చింది.

• శ్రావణ పున్నమి నాడు సోలాపూర్ వీధుల్లో సాగే మార్కండేయ మహర్షి రథోత్సవాన్ని ‘ప్రొసెషన్’ అంటే, అందులోనూ ‘ముందు’ ఉంది! లాటిన్‌లో ఆ మాటకు ‘ముందుకు సాగడం’ అని అర్థం. పద్మశాలీలంతా తమ మూలపురుషుడి వెంట ముందుకు సాగే రోజు అది.

• ‘ఫస్ట్ కమ్, ఫస్ట్ సర్వ్’ అని ఇంగ్లీషు వాళ్లు ముందొచ్చినవాడికి పీట వేస్తే, తెలుగు సామెత ‘ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి’ అంటుంది! ఇంట్లో చిన్నవాళ్లుంటే ఈ సామెతను ఇప్పుడే పెద్దవాళ్లకు వినిపించండి!

• మనం ‘పడుగూ పేకా’ అంటాం, హిందీలో ‘తానా బానా’, ఇంగ్లీషులో ‘వార్ప్ అండ్ వెఫ్ట్’. మూడు భాషల్లోనూ నిలువు పోగే ముందు! ఎందుకో ఏ నేత ఇంటి పిల్లాణ్నడిగినా చెబుతాడు: ముందు పడుగు ఎక్కితేనే కదా, నాడె పేకను పట్టుకుని పరుగు తీసేది.

• ఇక చివరికి మన మాటే: తెలుగులో ‘ముందు’ అంటే గడిచిపోయినదీ, రాబోయేదీ కూడా! ‘ముందు ఏం జరిగింది?’ అంటే నిన్నటి ముచ్చట, ‘ముందు ముందు ఏం జరుగుతుంది?’ అంటే రేపటిది. మగ్గం దగ్గర కూర్చుని చూడండి, ముందు నేసిన బట్ట ఒడి దగ్గర చుట్టుకుంటుంది, ఇంకా నేయాల్సిన పడుగు కళ్ల ముందు బారుగా పరుచుకుని ఉంటుంది!