చర్మమును గిల్లుకొను అలవాటు - మనోవేగములు



నేడు విన్నవింప బూనిన విషయము చూచువారికి చిన్నది, అనుభవించువారికి మిక్కిలి పెద్దది. కొందరు మొటిమలను, పుండుపై కట్టిన పక్కును, గోటిచుట్టునుండు తోలును నెత్తురు వచ్చువరకు గిల్లుచుందురు. మానవలెనని యెంచియు మానజాలరు. దీనిని మనము చెడ్డ అలవాటని త్రోసివేయుదుము. కాని ఆంగ్లదేశపు చర్మవైద్యుడగు ఎరాస్మస్ విల్సన్ 1875లోనే దీనిని నరముల వ్యాకులతతో ముడిపెట్టి పేరిడెను. అమెరికా మనోవైద్య సంఘమువారు 2013లో వెలువరించిన రోగవర్గీకరణ గ్రంథమున ప్రత్యేకవ్యాధిగ పేర్కొనిరి. పెక్కుమందికి ఇది మొటిమలు పుట్టు ప్రాయమున మొదలగును.

దీని నడక యెట్టిదో వినుడు. భయము, కోపము, సిగ్గు, విసుగు, ఏమియు తోచమి - వీనిలో నొకటి లోపల పొంగును. దానిని చెప్పుకొనుటకు దిక్కు లేదు, చల్లార్చు నేర్పు లేదు. అంతట వ్రేళ్లు చర్మముమీదికి పోవును. గిల్లినంతసేపు మనస్సు ఆ చిన్నపనియందు లగ్నమై, బరువు దిగినట్లుండును. ఆ క్షణకాలపు ఉపశమనమే చేతికి పాఠము నేర్పును. పిదప పుండును చూచుకొని సిగ్గుపడుట, ఆ సిగ్గు మరల బాధయగుట, ఆ బాధకు మరల గిల్లుట. గానుగెద్దువలె ఈ చుట్టు తిరుగుచునే యుండును. కొందరు చదువుకొనుచు, ఏదో తలపోయుచు, తమకు తెలియకయే గిల్లుదురు.

చరకసంహిత సూత్రస్థానమున ఆకలి, దప్పిక, తుమ్ము మొదలగు శరీరవేగములను ఆపరాదనియు, శోకము, భయము, క్రోధము మొదలగు మనోవేగములను అదుపున నుంచవలెననియు చెప్పబడినది. అదుపున నుంచుట యనగా దిగమ్రింగుట యని నేను తలపను. దిగమ్రింగిన దుఃఖము గోళ్లదారిని వెదకుకొనును.

నేను పాఠశాలలలో ముప్పదియేండ్లకు మించి పనిచేసితిని. పరీక్షల దినములలో మోచేతులు గీరుకొను పిల్లలను చూచితిని. పెద్దలు గద్దించినంతట ఆగెడివారు. మరునాడు చొక్కాచేతుల మాటున క్రొత్తపుండ్లు కనబడెడివి.

కావున పెద్దలారా, "సిగ్గులేదా" యని అనకుడు. ఆ మాట అగ్నియందు పోసిన నేయి. తొలుత గజ్జి మొదలగు దురదవ్యాధి కలదేమో వైద్యునికి చూపింపుడు. లేనిచో, ఏ వేళ, ఏ చోట, ఏ మాట విన్నపుడు చేయి పోవుచున్నదో మెల్లగ అడిగి తెలిసికొనుడు. తన బాధకు పేరు పెట్టి చెప్పగలిగినవానికి సగము బరువు దిగును.

అజ్రిన్, నన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు 1973లో ఇట్టి అలవాట్లను మాన్పుటకు ఒక పద్ధతిని ప్రకటించిరి. చేయి లేచుటను అప్పుడే గుర్తించి, పిడికిలి బిగించుట వంటి మారుపని కొంతసేపు చేయవలెను. ఆ ఉబుకు క్రమముగ తగ్గును. గోళ్లు పొట్టిగ కత్తిరించుకొనుటయు, వత్తులు చేయుట వంటి పని చేతికిచ్చుటయు మేలు.

పుండు చీము పట్టినను, అలవాటు ఎంతకును లొంగకున్నను వైద్యునికడకు, మనోవైద్యునికడకు కొనిపోవుడు. అందులకు వెరవ నక్కరలేదు. బిడ్డ చేతిని పట్టుకొని ఆపుటకంటె, ఆ చేతిని పంపుచున్న మనస్సును ఊరడించుట మన ఇండ్ల పెద్దరికమునకు తగిన పని.